పెద్ద బండి అసలు మైలేజీ ఎంత? ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకు దాకా

ఇంట్లో ఏడుగురం కావడంతో ఏడు సీట్ల డీజిల్ ఎస్‌యూవీ కొన్నాం. 2.2 లీటర్ల ఇంజిన్, ఆటోమేటిక్ గేర్లు, ఖాళీగా ఉన్నా రెండు టన్నుల బరువు. కొన్న మూడో నెలలో మా తమ్ముడు "అక్కా, ఎంత ఇస్తోంది?" అని అడిగితే బండి స్క్రీన్ మీద కనిపిస్తున్న అంకె చూసి లీటరుకి 12.9 కిలోమీటర్లని చెప్పేశాను. పక్క సీట్లో ఉన్న మామయ్యగారు "అది బండి చెప్పే లెక్కమ్మా, మనం వేసిన లెక్క కాదు" అన్నారు. మర్నాడు చూస్తే డ్యాష్‌బోర్డు అరలో ఒక చిన్న నోటుపుస్తకం, పెన్ను ఉన్నాయి. నాలుగేళ్లుగా డీజిల్ పోయించిన ప్రతిసారీ అందులో రాస్తున్నాం. పెద్ద బండి మైలేజీ గురించి నాకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఆ పుస్తకం నుంచి వచ్చిందే.

ముందు కొలవడం

బంకులో ట్యాంకు ఫుల్ చేయించండి. నాజిల్ మొదటిసారి టక్కుమని దానంతటదే ఆగగానే చాలనండి. ఆ తర్వాత కూడా కొంచెం కొంచెం పోయిస్తూ పోతే ట్యాంకు ప్రతిసారీ ఒకే మట్టానికి నిండదు, కొలత పాడవుతుంది. ట్రిప్ మీటర్ సున్నా చేసి, రోజూ ఎలా తిరుగుతారో అలాగే తిరగండి. కొలుస్తున్నాం కదా అని ఆ వారం ప్రత్యేకంగా మెల్లగా నడిపితే మీ అసలు మైలేజీ తెలియదు. ట్యాంకు పావు వంతుకి వచ్చాక, వీలైతే అదే బంకులో అదే పంపు దగ్గర, మళ్లీ మొదటి టక్కు దాకా నింపించండి. తిరిగిన కిలోమీటర్లను ఇప్పుడు పట్టిన లీటర్లతో భాగిస్తే వచ్చేదే మైలేజీ.

మా పుస్తకంలో మొదటి లైను: 612 కిలోమీటర్లు, 51.8 లీటర్లు. అంటే 11.8. అదే ట్యాంకుకి స్క్రీన్ చెప్పింది 12.9. స్క్రీన్ ట్యాంకులోంచి ఎంత ఖర్చయిందో కొలవదు, ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు ఎంత చిమ్మి ఉంటాయో అంచనా కడుతుంది. మా బండిలో ఆ తేడా ఎప్పుడూ దాదాపు ఇంతే ఉంటుంది కాబట్టి, ఈ రోజు నిన్నటికంటే బాగా నడిపానా లేదా అని చూసుకోవడానికి స్క్రీన్ బాగానే పనికొస్తుంది.

ఒక్క ట్యాంకుతో మాత్రం తీర్మానించొద్దు. బండి కాస్త వాలులో నిలబడినా ఒకటి రెండు లీటర్లు అటూ ఇటూ అవుతాయి. 50 లీటర్లలో 2 లీటర్లంటే 4 శాతం! కనీసం అయిదు ట్యాంకులు రాయండి. సగటు కట్టేటప్పుడు అయిదు మైలేజీలు కూడి అయిదుతో భాగించకండి. మొత్తం కిలోమీటర్లను మొత్తం లీటర్లతో భాగించండి.

ఇంకో రెండు విషయాలు లెక్కను తప్పిస్తాయి. కంపెనీ ఇచ్చిన సైజు కాకుండా పెద్ద టైర్లు వేయించి ఉంటే ఓడోమీటర్ తక్కువ చూపిస్తుంది. టైరు వ్యాసం 3 శాతం పెరిగితే కిలోమీటర్లు దాదాపు 3 శాతం తక్కువ పడతాయి. ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని ఒక 50 కిలోమీటర్లు సరిచూస్తే తేలిపోతుంది. రెండోది, డీజిల్ బండి పొగగొట్టంలో ఉండే ఫిల్టర్. అందులో చేరిన మసిని కాల్చడానికి బండి అప్పుడప్పుడు అదనంగా డీజిల్ వాడుకుంటుంది. అన్నీ చిన్న చిన్న ట్రిప్పులే అయితే ఆ పని మధ్యలో ఆగి, మళ్లీ మొదలవుతుంది. ఒక ట్యాంకు కారణం తెలియకుండా తక్కువ వస్తే ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

కంపెనీ చెప్పిన అంకె సంగతేమిటని చాలామంది అడుగుతారు. 2017 నుంచి యూరప్‌లో కొత్త బండ్ల మైలేజీ కొలవడానికి వాడుతున్న డబ్ల్యూఎల్‌టీపీ పరీక్షనే చూడండి. ల్యాబులో రోలర్ల మీద, 23 డిగ్రీల దగ్గర, 30 నిమిషాల్లో దాదాపు 23 కిలోమీటర్లు నడుపుతారు. సగటు వేగం గంటకి 46.5 కిలోమీటర్లు, ఏసీ ఆఫ్. రెండు బండ్లను పోల్చుకోవడానికి అది మంచి కొలత. ఏడుగురు ఎక్కి, ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడ్డ బండికి అదే అంకె రావాలంటే ఎలా వస్తుంది?

డీజిల్ ఎక్కడికి పోతోంది

మా బండికి ఒక్క మైలేజీ లేదు. ఊళ్లో ట్రాఫిక్‌లో 9.4. హైవే మీద 90లో నిలకడగా పోతే 14.2. అదే హైవే మీద 115లో పోతే 11.6. ఈ మూడింటినీ కలిపి "బండి ఇంత ఇస్తుంది" అని ఒకే మాట చెప్పడం నాకు ఇష్టం ఉండదు.

ఊళ్లో డీజిల్ తాగేది బరువు. ఏడుగురం ఎక్కితే మా బండి దాదాపు 2,450 కిలోలు. దాన్ని ఆగిన చోటు నుంచి 60 వేగానికి తీసుకెళ్లడానికి, ఇంజిన్‌లో వృథాగా పోయే వేడిని కూడా కలుపుకుంటే, సుమారు 30 మిల్లీలీటర్ల డీజిల్ కావాలి. రెండు పెద్ద చెంచాలనుకోండి. బ్రేకు తొక్కి ఆపిన ప్రతిసారీ ఆ రెండు చెంచాలూ బ్రేకు డిస్కుల్లో వేడిగా మారి పోతాయి. అలా పదిసార్లు ఆగితే 300 మిల్లీలీటర్లు. దాంతో హైవే మీద నాలుగు కిలోమీటర్లు పోవచ్చు.

కాబట్టి ఊళ్లో నేర్చుకోవలసింది మెల్లగా నడపడం కాదు, ఆగకుండా నడపడం. దూరంలో సిగ్నల్ ఎర్రగా కనిపించగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయండి. గేరులోనే ఉంచి కాలు తీస్తే, ఇంజిన్ వేగం బాగా పడిపోయేదాకా ఇంజెక్టర్లు డీజిల్ పూర్తిగా ఆపేస్తాయి, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో వేస్తే మాత్రం ఇంజిన్ ఆగిపోకుండా ఉండడానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది, పైగా వాలులో బండి మీద పట్టు తప్పుతుంది. న్యూట్రల్‌లో వేస్తే ఆదా అన్నది పాత కార్బ్యురేటర్ బండ్ల నాటి అలవాటు, దయచేసి మానేయండి. మీరు సిగ్నల్ చేరేసరికి ఆకుపచ్చ పడి, బండి 20లో ఉన్నా చాలు, ఆ రెండు చెంచాల్లో కొంతైనా మిగిలినట్టే.

హైవే మీద శత్రువు గాలి. పొడుగ్గా, వెడల్పుగా, ముందుభాగం గోడలా ఉండే బండికి ఇది మరీ ఎక్కువ. గాలి బండిని వెనక్కి పట్టే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. 90 నుంచి 115కి పెంచితే అది 1.6 రెట్లు అవుతుంది. 200 కిలోమీటర్ల దారిలో ఆ 115 వల్ల కలిసొచ్చేది అరగంట లోపే. అవసరముంటే ఆ అరగంట తీసుకోండి, తప్పు లేదు. దానికి మూడు లీటర్లు ఇస్తున్నామని తెలిసి తీసుకోండి.

పైన బిగించే లగేజీ బాక్సు గురించి గట్టిగానే చెబుతాను. హైవే వేగాల్లో అది 10 నుంచి 25 శాతం దాకా తినేస్తుంది. ఒకసారి సామాను పట్టక పెట్టించాం, 110 దాకా పోయిన ఆ ట్రిప్పులో 10.1 వచ్చింది. తిరిగొచ్చాక మూడు వారాలు విప్పడానికి తీరిక దొరకలేదు, ఖాళీ బాక్సును మోసుకుంటూ తిరిగాం. పుస్తకంలో ఆ రెండు లైన్ల పక్కన మామయ్యగారు ఎర్ర పెన్నుతో గీత గీశారు. పని అయిపోగానే బాక్సుతో పాటు అడ్డకడ్డీలు కూడా విప్పేయండి.

టైర్లు, బ్రేకులు

గాలి చల్లటి టైర్లలోనే చూడాలి. కొంత దూరం పోయాక చూస్తే మూడు నాలుగు పీఎస్‌ఐ ఎక్కువ చూపించి మోసం చేస్తుంది. డ్రైవర్ డోరు తీస్తే స్టిక్కర్ మీద ఎంత పెట్టాలో ఉంటుంది. చాలా పెద్ద బండ్లకు అక్కడ రెండు అంకెలుంటాయి, ఒకటి మామూలుగా, రెండోది నిండా ఎక్కినప్పుడు. మా బండికి 33, ఏడుగురు ఎక్కితే వెనక 38. అందరూ ఆ రెండో అంకెను వదిలేస్తారు. మైలేజీ సంగతి తర్వాత, అంత బరువుతో తక్కువ గాలి టైరు వేడెక్కడం ప్రమాదం.

పోయిన ఏడాది వరుసగా నాలుగు ట్యాంకులు ఇలా వచ్చాయి: 11.7, 11.4, 10.9, 10.3. సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే "పెద్ద బండి కదా మేడమ్, అంతే ఇస్తుంది" అన్నారు. పుస్తకం లేకపోతే నేనూ ఒప్పుకునేదాన్నేమో. హైవే మీద ఇరవై కిలోమీటర్లు పోయి, బ్రేకు పెద్దగా వాడకుండా బండి ఆపి, ఒక్కో చక్రం దగ్గర అరచేయి పెట్టి చూశాను. వెనక ఎడమ చక్రం దగ్గర మాత్రం సెగ కొడుతోంది. మీరు చూస్తే లోహాన్ని ముట్టుకోవద్దు, చేయి కాలుతుంది, దగ్గర పెడితే చాలు తెలుస్తుంది. బ్రేకు ప్యాడ్లను డిస్కుకి నొక్కే కాలిపర్‌లో పిన్ను బిగుసుకుపోయి బ్రేకు ఎప్పుడూ కొంచెం పట్టే ఉంటోందట. వేరే మెకానిక్ శుభ్రం చేసి గ్రీజు పెట్టారు. తర్వాతి ట్యాంకు 11.6.

ఎయిర్ ఫిల్టర్ మారిస్తే మైలేజీ పెరుగుతుందని చెబుతారు. ఇప్పటి కంప్యూటర్ ఇంజిన్లలో ఫిల్టర్ మురికిపట్టినా మైలేజీ పెద్దగా మారదు, బండి లాగుడు తగ్గుతుంది. ఫిల్టర్ టైముకి మార్చండి, మైలేజీ కోసమని మాత్రం ఎదురుచూడకండి.

ఒకటి రెండు కిలోమీటర్లు పెరిగితే ఏం లాభమని అనుకునేవారి కోసం ఈ లెక్క. లీటరుకి 8 ఇచ్చే బండి వెయ్యి కిలోమీటర్లకి 125 లీటర్లు తాగుతుంది, 10 ఇస్తే 100. అంటే 25 లీటర్లు మిగిలాయి. చిన్న కారు 18 నుంచి 20కి పెరిగితే మిగిలేది ఆరు లీటర్లు కూడా కాదు. తక్కువ ఇచ్చే బండిలోనే ప్రతి కిలోమీటరుకీ విలువ ఎక్కువ.

దూరం వెళ్లేటప్పుడు ఎంత దూరం వస్తుందో లెక్కకి స్క్రీన్ చూపించే అంకె తీసుకోకండి. మీ పుస్తకంలో అన్నిటికంటే తక్కువ మైలేజీ తీసుకుని, ట్యాంకులో పది లీటర్లు లేనట్టే అనుకోండి. మాది 60 లీటర్ల ట్యాంకు, అంటే 50 లీటర్లు, 9.4 చొప్పున 470 కిలోమీటర్లు. స్క్రీన్ 700 చూపిస్తున్నా, 450 దాటేలోపు మామయ్యగారు బంకు కనిపించగానే పుస్తకం, పెన్ను బయటికి తీస్తారు.