గ్యాస్ ఘనపరిమాణం లెక్క తప్పుతోందా? ముందు గేజ్ సున్నా చూడండి

ఉష్ణోగ్రత మారకపోతే పీడనం (పీ), ఘనపరిమాణం (వీ) లబ్ధం మారదనే బాయిల్ నియమం, పీ1 × వీ1 = పీ2 × వీ2, అందరికీ తెలిసిందే. లెక్క తేడా కొడితే సూత్రాన్ని అనుమానించకండి, అందులో వేసిన అంకెలను అనుమానించండి.

సమస్య: ఎక్కువ పీడనాల దగ్గర లెక్క సరిపోతుంది, తక్కువ పీడనాల దగ్గర ఘోరంగా తప్పుతుంది

కారణం: గేజ్ (పీడనం కొలిచే మీటరు) అంకెను ఉన్నదున్నట్టు సూత్రంలో పెట్టేయడం. పదిలో తొమ్మిదిసార్లు ఇదే. గేజ్ చూపేది బయటి గాలి కంటే లోపల ఎంత ఎక్కువ ఉందో అంతవరకే. బాయిల్ నియమానికి కావాల్సింది శూన్యం నుంచి కొలిచిన పరమ పీడనం.

బయటి పీడనం 1 బార్ (పీడనానికి ఒక కొలమానం) అనుకుందాం. గేజ్ మీద 1 బార్ ఉన్న 10 లీటర్ల గాలిని, ఉష్ణోగ్రత మారకుండా, గేజ్ 3 బార్‌కు నొక్కారు. గేజ్ అంకెలతో వేస్తే 10 × 1 ÷ 3, అంటే 3.33 లీటర్లు. అసలు జవాబు 10 × 2 ÷ 4 = 5 లీటర్లు. ఇంత తేడా వస్తే పిస్టన్ లీకవుతోందని విప్పి కూర్చుంటారు!

ఈ తప్పు ఇంతకాలం దొరక్కుండా ఎలా ఉంటుంది? రెండు చోట్ల దాక్కుంటుంది. ఒకటి, ఎక్కువ పీడనం. గేజ్ 150 బార్ నుంచి 100కి దిగితే నిష్పత్తి 1.5 అనుకుంటారు, నిజానికి 151 ÷ 101 = 1.495. ఆ తేడా గేజ్ ముల్లు మందంలోనే పోతుంది. రెండోది, తీసివేత. 50 లీటర్ల ట్యాంకు 8 బార్ నుంచి 6 బార్‌కు దిగితే బయటికి వచ్చిన గాలి, బయటి పీడనం దగ్గర కొలిస్తే, 50 × (8 − 6) = 100 లీటర్లు. ఇక్కడ రెండు వైపులా కలపాల్సిన 1 కొట్టుకుపోతుంది కాబట్టి గేజ్ అంకెలతోనూ జవాబు సరిగ్గానే వస్తుంది. ఆ ధీమాతో అదే అలవాటును భాగహారంలోకి తెస్తారు. అక్కడ మునుగుతారు.

వాక్యూమ్ వైపు, అంటే లోపలి పీడనం బయటి గాలి కంటే తక్కువున్న చోట, ఇంకా దారుణం. గేజ్ −0.6 అంటే పరమ పీడనం 0.4 బార్, అంటే బయటి 1 బార్ గాలి అక్కడ 2.5 రెట్లు వ్యాకోచిస్తుంది. మైనస్ గుర్తు నచ్చక 0.6 వేసేవాళ్లకు 1.67 రెట్లే వస్తుంది.

పరిష్కారం: గేజ్‌ను గాలికి వదిలి చూడండి. 0 చూపిస్తే గేజ్ పీడనం, 1 బార్ దగ్గర నిలబడితే అది పరమ పీడనమే, ఇక ఏమీ కలపొద్దు. మొదటి రకమైతే బార్‌లకు 1.013, పీఎస్ఐకి (చదరపు అంగుళానికి పౌండ్లు) 14.7, చదరపు సెంటీమీటరుకు కిలోల్లో ఉంటే 1.033 కలపండి. సముద్రమట్టానికి 1500 మీటర్ల ఎత్తున ఉంటే 1.013 బదులు సుమారు 0.85. కనుక్కోవాల్సింది పీడనమైతే, చివర్లో అదే అంకెను తీసేస్తేనే గేజ్ మీద కనిపించేది వస్తుంది. ఇది మరిచిపోయేవాళ్లూ తక్కువేం కాదు.

సమస్య: నింపిన సిలిండర్ కొన్ని గంటల్లో పీడనం కోల్పోతోంది

లీక్ అనే ముందు సిలిండర్‌ను చేత్తో తాకండి. త్వరగా నింపితే వేడెక్కుతుంది. 67 డిగ్రీల సెల్సియస్ దగ్గర గేజ్ 200 బార్ ఉంటే, 27 డిగ్రీలకు చల్లారాక 201 × 300 ÷ 340, అంటే పరమ పీడనం 177, గేజ్ మీద 176. ఉష్ణోగ్రతకు 273 కలిపి కెల్విన్‌లోకి మార్చాకే భాగించండి. చల్లారాక కూడా దిగుతూనే ఉంటే అప్పుడు సబ్బు నీళ్లు తీయండి.

మిగతావి

300 బార్ దగ్గర గాలి ఆదర్శ వాయువులా (ఈ సూత్రాలను కచ్చితంగా పాటించే వాయువులా) ఉండదు, లెక్క కంటే సుమారు 10 శాతం తక్కువ పడుతుంది. 100 బార్ లోపు పట్టించుకోనక్కర్లేదు. కార్బన్ డయాక్సైడ్, ఎల్‌పీజీ సిలిండర్లలో లోపల ద్రవం ఉన్నంతవరకు గేజ్ కదలదు, వాటికి ఈ సూత్రమే పనికిరాదు. తూకం వేయండి.