ఫారంలో ఇన్‌పుట్‌కి 'యాక్షన్' అని పేరు పెట్టకండి

రాయగడ, గుణుపురం దుకాణాలకు తెలుగు, ఒడియా ఆర్డర్ ఫారాలు తయారుచేసే తమ్ముళ్లూ, ఇది గుర్తుంచుకోండి. ఏ ఇన్‌పుట్‌కైనా నేమ్ 'యాక్షన్' అని ఉంటే, జావాస్క్రిప్ట్‌లో ఫారం డాట్ యాక్షన్ అని అడిగినప్పుడు ఫారం వెళ్లాల్సిన యూఆర్‌ఎల్ రాదు, ఆ ఇన్‌పుట్ ఎలిమెంటే వస్తుంది. దాన్నలాగే ఫెచ్‌కి (సర్వర్‌కి రిక్వెస్ట్ పంపే ఫంక్షన్‌కి) ఇస్తే లేని పేజీకి రిక్వెస్ట్ పోయి, సాధారణంగా 404 (పేజీ లేదనే ఎర్రర్) వస్తుంది. బటన్ పేరు 'సబ్మిట్' అయితే ఇంకా ఘోరం: ఫారం డాట్ సబ్మిట్‌ని పిలవగానే 'ఫంక్షన్ కాదు' అని ఆగిపోతుంది.

పేరు మార్చడమే మేలు. కుదరకపోతే గెట్‌యాట్రిబ్యూట్ వాడండి. అది హెచ్‌టీఎంఎల్‌లో '/ఆర్డర్' అని రాసింది రాసినట్టే ఇస్తుంది, పూర్తి యూఆర్‌ఎల్ కాదు.

గడిలో ఉన్న వాల్యూకి మాత్రం గెట్‌యాట్రిబ్యూట్ వద్దు. ఊరి గడిలో ముందే 'రాయగడ' ఉండి, కస్టమర్ చెరిపి 'జయపురం' అని కొట్టినా అది రాయగడే చెబుతుంది. పార్సిల్ వేరే ఊరికి పోతుంది. అక్కడ డాట్ వాల్యూ రాయండి.