డీజిల్ కారుకు పికప్ పోయిందా? ఇంజెక్టర్లు విప్పే ముందు టర్బో హోస్ చూడండి

యాక్సిలరేటర్ తొక్కగానే బండి అందుకోదు. ఒక క్షణం తటపటాయించి, ఆ తర్వాత బరువుగా లాగుతుంది. లారీని ఓవర్‌టేక్ చేయాలంటే టెన్షన్. స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగా లాంటి టర్బో డీజిల్ కార్లున్న వాళ్లు తరచూ చెప్పే కంప్లైంట్ ఇది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక మారుతి డీజిల్ కార్లు ఆపేసింది. అంటే ఇప్పుడు రోడ్ల మీద తిరిగే ఆ కార్లలో, మధ్యలో మార్చి ఉండకపోతే, రబ్బరు పైపులన్నీ పాతవే. అయినా పికప్ తగ్గిందనగానే అందరి చూపూ ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల మీదికో, గాలిని ఒత్తి పంపే టర్బో మీదికో పోతుంది. అవసరం లేకుండా వేలకు వేలు ఖర్చు పెట్టుకుంటున్నారే అని ప్రతిసారీ బాధేస్తుంది.

ముందు ఆర్‌పీఎం ముల్లు చూడండి. తొక్కగానే ముల్లు పైకి లేచి, బండి వేగం మాత్రం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. ఇంజిన్‌ను ముట్టుకోవద్దు. ముల్లే లేవకుండా బద్ధకిస్తుంటే సమస్య ఇంజిన్ వైపుంది.

తర్వాత ఎయిర్ ఫిల్టర్. క్లిప్పులు తీసి కళ్లతో చూడండి, సర్వీసులో మార్చామన్న మాట మీద ఆగిపోవద్దు. బిల్లులో కొత్త ఫిల్టర్ ఉండి, డబ్బాలో పాతదే ఉన్న బండ్లు చాలా చూశాను. డీజిల్ ఫిల్టర్ కూడా అంతే. దాని అడుగున నీళ్లు తీసే స్క్రూ ఉంటే వదులు చేసి కొంచెం డీజిల్‌ను సీసాలోకి పట్టండి. నీళ్లు అడుక్కి చేరి విడిగా కనిపిస్తాయి. పొగ పెద్దగా లేకుండా, హైవే మీద వేగంలో ఉన్నప్పుడు బండి పట్టేసినట్టు అవుతుంటే మొదటి అనుమానం ఈ ఫిల్టర్ మీదే పెట్టుకోండి.

ఈ రెండూ బాగుండి, గట్టిగా తొక్కినప్పుడు వెనక నల్లపొగ వస్తోందా? అయితే టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఒత్తిన గాలిని చల్లబరిచే భాగం), అక్కడి నుంచి ఇంజిన్‌కు పోయే హోస్‌లు, అంటే రబ్బరు పైపులు చూడాల్సిందే. నన్ను అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే.

ఇది ఎందుకు దొరకదో చెబుతాను. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు టర్బో గాలిని దాదాపు ఒత్తదు. న్యూట్రల్‌లో పెట్టి ఎంత రెయిజ్ చేసినా పెద్దగా ఒత్తిడి రాదు, ఎందుకంటే ఇంజిన్ మీద లోడ్ లేదు. షెడ్డులో బండి నిలబెట్టి, రెయిజ్ చేసి, చెవిపెట్టి విని 'హోస్ బాగానే ఉంది' అనేస్తారు. అదే బండి నలుగురు మనుషులతో, సామానుతో శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు మూడో గేరులో తొక్కితే ఒత్తిడి పెరుగుతుంది, హోస్ ఉబ్బుతుంది, పగులు నోరు తెరుచుకుంటుంది. కాలు తీయగానే మళ్లీ మూసుకుపోతుంది. పైగా ఆ పగులు ఎక్కువగా హోస్ కింది వైపో, వంపు లోపలో, బ్రాకెట్‌కు రాసుకునే చోటో ఉంటుంది. పైనుంచి చూస్తే హోస్ కొత్తదానిలా కనిపిస్తుంది.

నల్లపొగకు కారణం కూడా ఇక్కడే ఉంది. చాలా డీజిల్ కార్లలో గాలిని కొలిచే సెన్సర్ టర్బోకు ముందే, ఎయిర్ ఫిల్టర్ పక్కన ఉంటుంది. అక్కడ కొలిచిన గాలి అంతా ఇంజిన్‌లోకి పోతుందనుకుని ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ డీజిల్ కొడుతుంది. దారిలో గాలి బయటికి పోతుంది కాబట్టి ఆ డీజిల్ పూర్తిగా కాలదు. పొగ పెరుగుతుంది, మైలేజీ పడిపోతుంది. ఒత్తిడి మరీ తక్కువైతే కంప్యూటరే పవర్ తగ్గించేస్తుంది. కీ ఆపి మళ్లీ వేస్తే కాసేపు బాగుంటుంది. స్కానర్‌లో పీ0299 కోడ్ వస్తే టర్బో ఒత్తిడి చాలడం లేదని మాత్రమే అర్థం. టర్బో పోయిందని కాదు.

వెతకడానికి ఇంజిన్ చల్లారనివ్వండి. వేళ్లను హోస్ కింది వైపు పొడవునా నడిపించండి, వంపుల దగ్గర నొక్కి విరిచి చూడండి. లోపల పల్చటి ఆయిల్ ఉండటం మామూలే, దాన్ని చూసి కంగారుపడొద్దు. బయట ఒకే చోట ఆయిల్, దుమ్ము కలిసి తడిగా పేరుకుంటే అక్కడే లీకు. అద్దాలు దించి, గోడ పక్కన రోడ్డు మీద రెండో గేరులో గట్టిగా తొక్కండి. సుయ్‌మని గాలి పోయే శబ్దం గోడకు తగిలి వినిపిస్తుంది. అలా కూడా తేలకపోతే, టర్బోలోకి గాలి వెళ్లే మూతికి బిరడా బిగించి, కంప్రెసర్‌తో అర బార్ దాకా గాలి పట్టించి, హోస్‌ల మీద సబ్బునీళ్లు చల్లాలి. ఇది తెలిసిన మెకానిక్‌తోనే చేయించండి. ఒత్తిడి ఎక్కువైతే బిరడా ఎగిరి తగులుతుంది.

పగిలిన హోస్‌కు టేపు చుట్టొద్దు. ఆయిల్ తడికి అది నిలవదు, రెండు రోజుల్లో మళ్లీ మొదటికే వస్తుంది. హోస్ మార్చండి, దాంతో పాటు క్లిప్పులు కూడా కొత్తవి వేయండి. బిగించే ముందు మూతుల మీది ఆయిల్ పూర్తిగా తుడవండి, లేకపోతే మొదటి ఘాట్‌లోనే జారి ఊడిపోతుంది. ఇంటర్‌కూలర్ మూతి ప్లాస్టిక్‌ది అయితే అతిగా బిగించొద్దు.

హోస్‌లన్నీ బాగుండి ఇంకా నల్లపొగే వస్తుంటే ఈజీఆర్ వాల్వ్ (కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) మసిపట్టి తెరుచుకునే ఉండిపోయిందేమో చూడండి. ఊళ్లోనే చిన్న దూరాలు తిరిగే బండ్లలో ఇది ఎక్కువ. వీజీటీ టర్బో (లోపలి రెక్కల కోణం మారే రకం) ఉంటే దానికి వెళ్లే సన్నటి వాక్యూమ్ పైపు కూడా చూడండి. యాక్సిలరేటర్ పెడల్ సెన్సర్ పోవడం అరుదు, పోయినా సాధారణంగా కోడ్ చూపిస్తుంది. ఇంజెక్టర్ల విషయానికొస్తే, ఐడ్లింగ్‌లో ఇంజిన్ వణకడమో పొద్దున స్టార్టింగ్ ఇబ్బందో లేనప్పుడు వాటిని విప్పనివ్వకండి. అనుమానం ఉంటే ముందు రిటర్న్ లీక్ టెస్ట్ (ఒక్కో ఇంజెక్టర్ నుంచి వెనక్కి వచ్చే డీజిల్‌ను కొలవడం) చేయించి, సీసాల్లోకి వచ్చిన డీజిల్ ఏ ఇంజెక్టర్‌కు ఎంతో పక్కపక్కన పెట్టి మీరే చూడండి.