ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మెట్రో ఎక్కేముందు జాగ్రత్తలు

అన్నిటికంటే ముందు మీ విమాన టికెట్టుపై టెర్మినల్ సంఖ్యను చూసుకోండి. 2011లో మొదలైన ఈ ఆరెంజ్ లైను 2, 3 టెర్మినళ్ల దగ్గర ఆగుతుంది గానీ ఒకటవ టెర్మినల్‌కు వెళ్లదు; దానికి మెజెంటా లైనులో వేరే స్టేషను ఉంది. ఒకటవ, మూడవ టెర్మినళ్ల మధ్య దూరం కొన్ని కిలోమీటర్లు కనుక, పొరపాటున మూడవ టెర్మినల్‌లో దిగినవారు సామానుతో మళ్లీ బస్సో ట్యాక్సీయో వెతుక్కోవలసి వస్తుంది. విమానయాన సంస్థలు టెర్మినల్‌ను మారుస్తూ ఉంటాయి కాబట్టి బయలుదేరే రోజున కూడా మరొకసారి సరిచూసుకోవడం మంచిది.

మన ప్రాంతం నుంచి రైలులో న్యూఢిల్లీ చేరి విమానం ఎక్కేవారు పహాడ్‌గంజ్ వైపు కాకుండా, ఈ మెట్రో స్టేషను ఉన్న అజ్మేరీ గేట్ వైపు బయటికి రావాలి. పెద్దవారు వెంట ఉంటే ఈ నడకకే తగినంత సమయం కేటాయించండి.

మెట్రో ప్రయాణం సుమారు 20 నిమిషాలే అయినా, లోపలికి వెళ్లేటప్పుడు ప్రతి సంచినీ ఎక్స్‌రే బెల్టు మీద పెట్టాలి. పర్సు, ఫోను ఉన్న చిన్న సంచిని చివరగా పెట్టి, అది అవతలికి చేరేసరికి మీరూ అక్కడే ఉండండి. టికెట్టును దిగే స్టేషన్లో గేటు దాటేవరకు భద్రంగా ఉంచుకోండి.

రైళ్లు రాత్రంతా నడవవు. తెల్లవారుజామున విమానం ఉంటే మొదటి రైలు వేళను ముందురోజే చూసుకొని, అది చాలదనిపిస్తే ట్యాక్సీ మాట్లాడుకోండి.