సబ్‌వూఫర్ క్రాసోవర్: మాటల్లో బరువు ఎలా తిరిగొచ్చిందంటే

సినిమా పెడితే పేలుళ్లకు గది అదిరేది, కానీ మగవాళ్ల మాటలు మాత్రం పల్చగా వినిపించేవి. చాలా రోజులు స్పీకర్లదే లోపం అనుకున్నాను.

అసలు సంగతి సబ్‌వూఫర్ (లోతైన శబ్దాలు పలికే స్పీకర్, క్లుప్తంగా సబ్) వెనక తేలింది. క్రాసోవర్ అంటే ఏ స్వరం దగ్గర సబ్ ఆగి మిగతా స్పీకర్లు అందుకోవాలో చెప్పే హద్దు. అక్కడి క్రాసోవర్ నాబ్ 60 హెర్ట్జ్ దగ్గర ఉంది, స్పీకర్లకు శబ్దం పంచే రిసీవర్‌లో క్రాసోవర్ 80 హెర్ట్జ్. 60కి పైన సబ్ తగ్గిపోతోంది, 80కి కింద స్పీకర్లు తగ్గిపోతున్నాయి. మధ్యలో గొయ్యి! మగ గొంతు అడుగుస్వరం ఇంచుమించు 85 హెర్ట్జ్ దగ్గరే మొదలవుతుంది, దెబ్బ సరిగ్గా ఆ అంచునే తగిలింది.

నాబ్‌ను చివరిదాకా తిప్పేశాను (సబ్ సొంత వడపోతను పక్కన పెట్టే ఎల్‌ఎఫ్‌ఈ స్విచ్ ఉంటే అదే పెట్టాలి). ఇక వడకట్టే పని రిసీవర్ ఒక్కదానిదే. మెనూలో స్పీకర్లన్నీ ‘స్మాల్’ చేశాను, అంటే వాటి లోతైన శబ్దాలు సబ్‌కే వెళ్తాయి. నా సెంటర్ స్పీకర్ 70 వరకే దిగుతుంది, అందుకే దానికి 100 ఇచ్చాను, ముందువాటికి 80. 120 కూడా పెట్టి చూశాను. మాటలు సబ్ ఉన్న మూల నుంచి వస్తున్నట్టు తెలిసిపోయింది, వెంటనే తగ్గించాను.

చివరగా ఫేజ్, అంటే సబ్, స్పీకర్ల శబ్ద తరంగాలు ఒకదాన్నొకటి తగ్గించకుండా కలిసేలా చూడటం. 80 హెర్ట్జ్ టోన్ పెట్టి నేను సోఫాలో కూర్చున్నాను, తమ్ముడు సబ్ ఫేజ్ స్విచ్‌ను 0, 180 డిగ్రీల మధ్య మార్చాడు.

“అన్నయ్యా, ఇప్పుడెలా ఉంది?”

180లో శబ్దం ఒక్కసారిగా నిండుగా వచ్చింది. అక్కడే ఉంచేశాం.