స్టీలు డైవింగ్ సిలిండర్‌లో తుప్పు: కడిగే ముందు నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయో చూడండి

గోపాలపూర్ తీరంలో పడవ ఫ్యానుకు చుట్టుకున్న వలలు కోసేవాళ్ళయినా, జోలాపుట్ లాంటి డ్యాముల్లో గేట్లు చూడ్డానికి దిగేవాళ్ళయినా, సిలిండర్‌లో తుప్పు కనబడగానే అడిగే మొదటి ప్రశ్న "ఏం పోసి కడగాలి?" అని. కడగడం చివరి పని. నీళ్ళు వచ్చే దారి మూయకుండా కడిగితే మూణ్ణెల్లకి అదే తుప్పు మళ్ళీ కనిపిస్తుంది, ఈలోగా లోపలి గోడ ఇంకాస్త పలచబడుతుంది.

వాల్వు విప్పకముందే తెలిసే గుర్తులు

సిలిండర్ వాల్వుకి బిగించి గాలి ఒత్తిడిని తగ్గించే భాగం రెగ్యులేటర్ ఫస్ట్ స్టేజి. దాని మూతి దగ్గర చిన్న లోహపు ఫిల్టర్ ఉంటుంది. అది ఎర్రమట్టి రంగుకి తిరిగితే సిలిండర్ తుప్పు. పచ్చగా చిలుము పట్టి ఉంటే ఉప్పునీళ్ళు రెగ్యులేటర్‌లోకే వెళ్ళాయి, సిలిండర్‌ని అనుమానించక్కర్లేదు. నల్లటి పొడి అయితే కంప్రెసర్ ఫిల్టర్‌లోని బొగ్గు బయటికొస్తోంది. ఈ ఫిల్టర్ చూడ్డానికి అర నిమిషం పట్టదు, అయినా చాలామంది చూడరు. లోతుకి వెళ్ళినకొద్దీ ఊపిరి బరువుగా వస్తోందంటే అది పూడిపోయి ఉండొచ్చు.

తర్వాత సిలిండర్‌ని మెల్లగా పక్కకి వంచి చెవి పెట్టి వినండి. ఇసుక జారినట్టు వినిపిస్తే తుప్పు పెచ్చులు, గలగలమంటే నీళ్ళు. తలకిందులుగా నిలబెట్టి వాల్వు కొంచెం తిప్పి తెల్లగుడ్డ పట్టే పద్ధతి కూడా ఉంది. గుడ్డ తడిస్తే నీళ్ళున్నట్టే. తడవకపోతే మాత్రం లేవని కాదు. వాల్వు కింద లోపలికి దిగే చిన్న గొట్టం ఉంటుంది కదా, తలకిందులు చేసినప్పుడు నీళ్ళు ఆ గొట్టం చుట్టూ మెడలో నిలిచిపోతాయి. అనుమానం ఉంటే గాలి మెల్లగా వదిలి, గేజి సున్నాకి వచ్చిందని రూఢి చేసుకుని, వాల్వు విప్పి లైటు దించి చూడాల్సిందే.

మామూలు కారణాలు రెండు

ఒకటి, సిలిండర్‌ని నీటి అడుగున పూర్తిగా ఖాళీ చెయ్యడం, లేదా ఖాళీ అయ్యాక వాల్వు తెరిచి వదిలెయ్యడం. సముద్రపు నీరైతే అడుగున తెల్లటి ఉప్పు, దాని కింద నల్లటి గుంటలు ఉంటాయి. అదే రోజు విప్పి మంచినీళ్ళతో కడగాలి, వారం ఆగకూడదు.

రెండోది, తడి వాల్వుకే ఫిల్లింగ్ గొట్టం బిగించడం. వాల్వు మూతిలో నిలిచిన చుక్కల్ని 200 బార్ల గాలి (ఒక బార్ అంటే సుమారుగా మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి) నేరుగా లోపలికి తోస్తుంది. చల్లబడాలని నీళ్ళ తొట్టిలో పెట్టి నింపే చోట ఇది మరీ ఎక్కువ. బిగించే ముందు వాల్వుని ఒక క్షణం తెరిచి చుక్కల్ని ఊదెయ్యాలి, ఫిల్లింగ్ గొట్టాన్నీ అలాగే ఊదాలి. రెండు సెకన్ల పని ఇది. దీన్ని ఎగ్గొట్టి తర్వాత సిలిండర్ కంపెనీని తిట్టడం ఎక్కడ చూసినా ఉంది.

ఈ రెండూ జాగ్రత్తగా చేస్తున్నా తుప్పు వస్తోందా?

అయితే కంప్రెసర్‌ని పట్టుకోండి. కోస్తాలో 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున ఒక ఘనమీటరు గాలిలో దాదాపు 24 గ్రాముల నీరుంటుంది. 12 లీటర్ల సిలిండర్ 200 బార్లకి నిండాలంటే సుమారు 2.4 ఘనమీటర్ల గాలి కావాలి. అంటే ఒక్క సిలిండర్‌కి 58 గ్రాముల నీరు, చిన్న టీ గ్లాసుడు. అందులో దాదాపు అంతా కంప్రెసర్ దారిలోనే దిగిపోవాలి. గాలి నుంచి విడిపోయిన నీళ్ళని బయటికి వదిలే సెపరేటర్ డ్రెయిన్లు పావుగంటకోసారి తెరవాలన్నది అందుకే. ఇది అందరికీ తెలిసిందే. తెలియకుండా దెబ్బతీసేది మరొకటుంది.

చివరి ఫిల్టర్ తర్వాత, ఫిల్లింగ్ గొట్టానికి ముందు ప్రెషర్ మెయింటెయినింగ్ వాల్వు అని ఒకటి ఉంటుంది. ఫిల్టర్‌లో ఒత్తిడి సుమారు 150 బార్లకి చేరేదాకా గాలిని బయటికి వదలకపోవడమే దాని పని. ఎందుకంటే ఒత్తిడి ఎంత ఎక్కువుంటే గాలి అంత తక్కువ తేమని మోసుకెళ్తుంది. 40 డిగ్రీల దగ్గర 150 బార్లలో ఉన్న గాలి, బయటి మామూలు ఒత్తిడి లెక్కన ఘనమీటరుకి 0.34 గ్రాముల ఆవిరిని తీసుకెళ్తే, 30 బార్లలో ఉన్నది 1.7 గ్రాములు తీసుకెళ్తుంది. అయిదు రెట్లు. ఈ వాల్వు పట్టు వదిలితే, ఖాళీ సిలిండర్ తగిలించిన ప్రతిసారీ తక్కువ ఒత్తిడి గాలి అయిదు రెట్ల తేమతో ఫిల్టర్ మీదుగా పరుగెత్తుతుంది. ఆ తేమని పీల్చుకోవలసిన మాలిక్యులర్ సీవ్ గుళికలు కొన్ని గంటల్లోనే తడిసి చేతులెత్తేస్తాయి. ఆపైన తేమంతా సిలిండర్‌లోకే. కంప్రెసర్ శబ్దం మారదు, గాలి వాసన రాదు, సిలిండర్ కాస్త త్వరగా నిండుతుంది కూడా. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

పరీక్ష తేలిక. 30 బార్లున్న సిలిండర్ తగిలించి కంప్రెసర్ వెయ్యండి. ఫిల్టర్ వైపు గేజి ముందు 150 దాకా ఎక్కాలి, గొట్టం వైపు గేజి అంతవరకూ కదలకూడదు. రెండు ముళ్ళూ 30 నుంచి జోడుగా లేస్తే వాల్వు పోయినట్టే. ఫిల్టర్ వైపు గేజి లేకపోతే ఒకటి పెట్టించుకోండి. లోపల సీటు మీద సీవ్ పొడి పడి ఉంటుంది, ఓ-రింగ్ (గాలి కారకుండా ఆపే రబ్బరు రింగు) నలిగి ఉంటుంది, లేదా త్వరగా నిండాలని ఎవరో సర్దుబాటు స్క్రూ వదులు చేసి ఉంటారు. సీటు, ఓ-రింగ్ మార్చి, మీ మోడల్ పుస్తకంలో చెప్పిన ఒత్తిడికి బిగించండి. సీవ్ గుళికలుండే ఫిల్టర్ కార్ట్రిడ్జి కూడా అప్పుడే మార్చాలి. తడిసిన సీవ్‌ని అలాగే ఉంచితే వాల్వు బాగుచేసి లాభం లేదు.

పుస్తకంలో రాసిన ఫిల్టర్ గంటలు సాధారణంగా 20 డిగ్రీల లెక్కన ఉంటాయి. మన ఎండలకి సుమారు సగమే లెక్క వేసుకోండి. ఇక తీరంలో ఎండలో నింపిన తడి గాలిని శీతాకాలంలో కొరాపుట్ కొండలకి తీసుకెళ్తే, రాత్రి చలికి లోపలి ఆవిరి చుక్కలై గోడమీద దిగుతుంది.

ఇప్పుడు కడగడం

పలచటి నారింజ పొర మాత్రమే ఉండి గుడ్డకి అంటుకుని వచ్చేస్తుంటే లోపల ఆరబెట్టి మూసెయ్యండి, అంతకు మించి అవసరం లేదు. పెచ్చులుంటే సిలిండర్‌లో సగం దాకా సెరామిక్ లేదా అల్యూమినియం ఆక్సైడ్ గుళికలు, అవి మునిగేటంత నీళ్ళు, తుప్పు నిరోధక ద్రావణం పోసి రోలర్ల మీద పడుకోబెట్టి నాలుగు నుంచి ఎనిమిది గంటలు తిప్పాలి. వేణ్ణీళ్ళతో కడిగి, వెంటనే 60 డిగ్రీలు దాటని పొడి వేడిగాలి లోపలికి ఊదాలి. అయిదు నిమిషాలు ఆలస్యమైతే కొత్త తుప్పు మొదలవుతుంది. హైడ్రోక్లోరిక్ ఆసిడ్ పొయ్యకండి, గట్టి స్టీలులోకి హైడ్రోజన్ చేరి పెళుసు చేస్తుంది. లోపల పెయింట్, ఎపాక్సీ కూడా వద్దు, దానికింద తుప్పు కనపడకుండా తింటూ పోతుంది.

శుభ్రమయ్యాక గుంటలు మిగిలితే, ముఖ్యంగా పక్కగోడమీద గీతలా వరసగా ఉంటే, సొంత తీర్పు వద్దు. గ్యాస్ సిలిండర్ల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ పెసో (PESO) అనుమతి ఉన్న టెస్టింగ్ స్టేషన్‌కి పంపండి. పడుకోబెట్టి దాచిన సిలిండర్లకే ఆ గీత ఎక్కువ. అడుగు మందంగా ఉంటుంది, పక్కగోడ పలచన, కాబట్టి ఎప్పుడూ నిలబెట్టే దాచాలి.

తయారీ లోపాలు, ప్లేటింగ్ సమస్యలు అరుదు. వాటి వెంట పడి టైము పాడుచేసుకోవద్దు.

నెలల తరబడి మూల పడున్న స్టీలు సిలిండర్ విషయంలో ఒక్కటి మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. తుప్పు అంటేనే ఇనుము ఆక్సిజన్‌ని తినడం. లోపల ఉప్పునీళ్ళుంటే గాలిలోని ఆక్సిజన్ తగ్గిపోయి ఉండొచ్చు, గేజి ఒత్తిడి దాదాపు మామూలుగానే చూపిస్తుంది, రంగూ వాసనా ఉండవు. ఆక్సిజన్ ఎనలైజర్‌లో 20.9 దగ్గర చూపకపోతే ఆ గాలి పీల్చకండి. ఎనలైజర్ లేకపోతే మెల్లగా వదిలేసి, లోపల చూసి, కొత్తగా నింపుకోండి.