డ్రై డే నాడు ఎయిర్‌పోర్ట్ లాంజ్: మందు ఉంటుందో లేదో ముందే తేల్చుకోవడం ఎలా

ఆగస్టు 15 తెల్లవారుజామున 3 గంటలకు శంషాబాద్ నుంచి విమానం ఉందనుకోండి. 14 రాత్రి పదకొండింటికి లాంజ్‌లో కూర్చున్నవాళ్లకు బార్ కౌంటర్ మామూలుగానే కనిపిస్తుంది. పన్నెండు కొట్టాక అదే కౌంటర్‌కు షట్టర్ పడుతుంది. టికెట్ అదే, లాంజ్‌లోకి ఉచితంగా పంపే బ్యాంకు కార్డు అదే, కుర్చీ కూడా అదే. మారింది తేదీ ఒక్కటే. డ్రై డే, అంటే ప్రభుత్వం మద్యం అమ్మకాలు ఆపేసే రోజు, లాంజ్‌లో జరిగే వాగ్వాదాల్లో చాలావరకు ఇది తెలియక వచ్చేవే.

గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం చిన్నది. మీరు ఎక్కబోయే విమానాన్ని చూడకండి, కార్డును చూడకండి. మీ కుర్చీ ఏ రాష్ట్రంలో ఉంది, ఆ గంటకు గడియారం ఏ తేదీ చూపిస్తోంది, ఈ రెండే చూడండి.

ఇమిగ్రేషన్ దాటినా రాష్ట్రం దాటినట్టు కాదు

పాస్‌పోర్టు మీద ముద్ర పడ్డాక దేశం బయట ఉన్నట్టేనని, అక్కడ స్థానిక చట్టం వర్తించదని చాలామంది అనుకుంటారు. అది అపోహ. మద్యం తయారీ, రవాణా, అమ్మకం రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితాలో, 8వ అంశంగా ఉన్నాయి. ఇంటర్నేషనల్ లాంజ్‌లోని బార్ కూడా ఆ రాష్ట్ర ఎక్సైజ్ శాఖ ఇచ్చిన లైసెన్సు మీదే నడుస్తుంది. ఆ శాఖ బంద్ అంటే బంద్.

డ్యూటీ ఫ్రీ దుకాణం లెక్క వేరు. అది కస్టమ్స్ పర్యవేక్షణలో, సుంకం కట్టని సరుకుతో నడిచేది. అందుకే లాంజ్‌లో బీరు కూడా దొరకని రోజున పక్కనే డ్యూటీ ఫ్రీలో విస్కీ సీసాలు అమ్ముతూ కనిపిస్తారు. చూసేవాళ్లకు వింతగానే ఉంటుంది, కానీ అందులో తప్పేమీ లేదు. అయితే అక్కడ కొన్న సీసాను లాంజ్‌లో విప్పకూడదు, విమానంలోనూ విప్పకూడదు. సీలు వేసిన కవరు చింపితే మధ్యలో మారే ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ వాళ్లు ఆ సీసా తీసేసుకుంటారు.

దేశీయ విమానాల్లో మద్యం ఏ రోజూ ఇవ్వరు. అంతర్జాతీయ విమానంలో, ఆ సంస్థ మద్యం ఇచ్చేదైతే, గాల్లోకి లేచాక డ్రై డే అడ్డురాదు. లాంజ్‌లో దొరకలేదని గొడవపడే బదులు ఓ రెండు గంటలు ఆగితే సరిపోయే సందర్భాలే ఎక్కువ.

ఏ రోజులు?

దేశమంతటా లెక్కలోకి వచ్చేవి మూడు: జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2. వీటి గురించి వెతకనక్కర్లేదు. 2025లో గాంధీ జయంతి, దసరా ఒకే రోజు పడి తెలంగాణలో ఎంత చర్చ జరిగిందో తెలిసిందే. పండగ అని సడలింపు ఉంటుందేమోనని చూసినవాళ్లకు నిరాశే మిగిలింది.

అసలు చిక్కు మిగతా రోజులతోనే. ప్రభుత్వ సెలవు వేరు, డ్రై డే వేరు. ఉగాది, సంక్రాంతి, దీపావళి మన రెండు రాష్ట్రాల్లో పెద్ద సెలవులే అయినా వైన్స్ మూసే రోజులు కావు. కానీ ఢిల్లీలో దీపావళి డ్రై డే. హైదరాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా యూరప్ వెళ్లేవాళ్లకు శంషాబాద్‌లో దొరికింది ఢిల్లీలో దొరకదు. ఢిల్లీ జాబితా ఏటా ఒకేలా ఉండదు కూడా. 2022 జనవరిలో డ్రై డేలను మూడుకు తగ్గించారు, అదే ఏడాది పాత విధానానికి వెళ్లినప్పుడు మళ్లీ 21 అయ్యాయి. కాబట్టి ఎప్పుడో చదివిన జాబితాను నమ్ముకోకండి.

నెల్లూరు, చిత్తూరు, తిరుపతి వైపువాళ్లు విదేశాలకు ఎక్కువగా చెన్నై నుంచే ఎక్కుతారు. తమిళనాడులో తిరువళ్లువర్ దినం డ్రై డే. అది మన కనుమ రోజునే వస్తుంది. సంక్రాంతికి ఊరొచ్చి కనుమ రాత్రి తిరుగు విమానం పట్టుకునేవాళ్లు ఈ ఒక్క తేదీ గుర్తుపెట్టుకుంటే చాలు. వడలూరు రామలింగర్ స్మృతి దినం, మహావీర్ జయంతి, మే డే, మిలాదున్నబీ కూడా అక్కడి జాబితాలో ఉంటాయి. వీటిలో మిలాదున్నబీ నెలవంకను బట్టి ఒక రోజు అటూ ఇటూ జరగొచ్చు, కాబట్టి రెండు రోజుల ముందు మరోసారి చూసుకోండి. కేరళలో ప్రతి నెలా ఒకటో తేదీ డ్రై డే. మహారాష్ట్రలో ఆషాఢ, కార్తీక ఏకాదశులు, జనవరి 30 కూడా కలుస్తాయి. గుజరాత్‌లో, బీహార్‌లో నిషేధం ఏడాది పొడవునా ఉంటుంది. అహ్మదాబాద్, పట్నా లాంజ్‌లలో అడగడమే వృథా.

పోలీసు ఉత్తర్వు వస్తే

హైదరాబాద్‌లో హోలీ, శ్రీరామనవమి, హనుమాన్ జయంతి, గణేశ్ నిమజ్జనం లాంటి రోజులకు పోలీస్ కమిషనర్లు తెలంగాణ ఎక్సైజ్ చట్టం, 1968 కింద విడిగా ఉత్తర్వులు ఇస్తారు. ఇవి రాష్ట్రమంతటికీ వర్తించవు, ఆ కమిషనరేట్ పరిధికే. పైగా చాలాసార్లు ఒకటి రెండు రోజుల ముందే బయటికొస్తాయి. పత్రికల్లో ‘నగరంలో మద్యం బంద్’ అని శీర్షిక చూసి ఆగిపోకుండా మూడు విషయాలు చదవండి.

మొదటిది పరిధి: ఎయిర్‌పోర్ట్ పోలీస్ స్టేషన్ ఆ కమిషనరేట్ కిందికి వస్తుందా? రెండోది గంటలు: ఇలాంటి ఉత్తర్వులు అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా కాకుండా ఉదయం 6 నుంచి సాయంత్రం 6 దాకా, లేదా మర్నాడు ఉదయం 6 దాకా అని ఉంటాయి. సాయంత్రం 6కి ముగిస్తే రాత్రి విమానం వాళ్లకు ఇబ్బంది లేదు. మూడోది మినహాయింపు: హోలీ ఉత్తర్వుల్లో ‘స్టార్ హోటళ్ల బార్లు, రిజిస్టర్డ్ క్లబ్బులు మినహా’ అనే మాట తరచూ కనిపిస్తుంది. ఎయిర్‌పోర్ట్ లాంజ్ స్టార్ హోటలూ కాదు, రిజిస్టర్డ్ క్లబ్బూ కాదు. మినహాయింపు చూసి సంబరపడేవాళ్లు ఇక్కడే పొరబడతారు.

ఎన్నికలు: అన్నిటికంటే గట్టి బంద్

ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 135సి సెక్షన్ ప్రకారం పోలింగ్ ముగిసే గంటకు ముందు 48 గంటలు ఆ పోలింగ్ ప్రాంతంలో మద్యం బంద్. 2024 మే 13న రెండు తెలుగు రాష్ట్రాల్లో పోలింగ్ సాయంత్రం 6కు ముగిసేలా పెట్టారు. అంటే మే 11 సాయంత్రం 6 నుంచే మూత. ఓట్ల లెక్కింపు రోజు కూడా ఎన్నికల సంఘం ఆదేశాలతో బంద్ ఉంటుంది. అలా 2024 జూన్ 4 కూడా పోయింది.

‘మేం కొనడం లేదు కదా, లాంజ్‌లో ఉచితమే కదా’ అనే వాదన ఇక్కడ నిలబడదు. ఆ సెక్షన్ అమ్మడాన్నే కాదు, ఇవ్వడాన్నీ పంచడాన్నీ కూడా నిషేధిస్తుంది. హోటలు, దుకాణం అనే కాదు, ప్రైవేటు స్థలమైనా సరే. ఉల్లంఘిస్తే 6 నెలల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. లాంజ్ మేనేజర్ ఎంత తెలిసినవాడైనా మీకోసం ఆ సాహసం చేయడు. చేయమని అడగడమూ పద్ధతి కాదు.

ఉప ఎన్నికైతే నియోజకవర్గం చూడండి. 2025 నవంబర్ 11న జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక జరిగింది. శంషాబాద్ ఆ నియోజకవర్గంలో లేదు, అది రాజేంద్రనగర్ కిందికి వస్తుంది. ఊరంతా ఎన్నికల హడావుడి ఉన్నా, ఎయిర్‌పోర్టు పోలింగ్ ప్రాంతం కానప్పుడు ఈ సెక్షన్ అక్కడికి చేరదు. పట్టభద్రుల, టీచర్ల ఎమ్మెల్సీ ఎన్నికలు మాత్రం చాలామంది మరిచిపోతారు. వాటికీ ఆయా జిల్లాల్లో 48 గంటల బంద్ ఉంటుంది.

అర్ధరాత్రి లెక్క

గల్ఫ్, యూరప్ విమానాలు ఎక్కువగా రాత్రి ఒంటిగంట నుంచి నాలుగు మధ్య బయల్దేరతాయి. అందుకే టికెట్ మీది తేదీకీ లాంజ్‌లో కూర్చునే తేదీకీ పొంతన ఉండదు. 16 తెల్లవారుజామున 1.30కి విమానమంటే మీరు లాంజ్‌లో ఉండేది 15 రాత్రి. టికెట్ చూసి ‘మనది 16 కదా’ అనుకుంటే దెబ్బతింటారు.

డ్రై డేకు ముందు రాత్రి వెళ్లేవాళ్లు పన్నెండింటి దాకా ఇస్తారని ధీమాగా ఉండకండి. లెక్క కట్టి, సీసాలు లోపల పెట్టి తాళం వేయాలి కాబట్టి చివరి ఆర్డరు అరగంట ముందే ఆపేసే లాంజ్‌లు ఉన్నాయి. డ్రై డే ముగిసిన రాత్రి ఇంకా అనుమానమే. 24 గంటలూ బార్ నడిపే అనుమతి ఉన్నచోట పన్నెండు దాటాక తెరవొచ్చు. లేనిచోట మర్నాడు లైసెన్సు వేళ మొదలయ్యేదాకా తెరవరు.

ఫోన్ చేసి ఏమడగాలి

‘రేపు డ్రై డేనా?’ అని అడిగితే రిసెప్షన్‌లో ఉన్నవాళ్లు అవుననో కాదనో అనేసి పెట్టేస్తారు. ఇలా అడగండి: ‘ఫలానా తేదీ రాత్రి 11 నుంచి 1 దాకా ఉంటాం. బార్ కౌంటర్ ఎన్ని గంటలకు మూస్తారు, మళ్లీ ఎన్నింటికి తీస్తారు?’ టెర్మినల్‌లో ఒకటికి మించి లాంజ్‌లుంటే ఏ లాంజో పేరుతో చెప్పండి. కార్డు కంపెనీ కస్టమర్ కేర్‌ను అడగకండి, వాళ్ల దగ్గర ఉండేది ఏడాది పొడవునా మారని సౌకర్యాల జాబితా. అసలు ఆ లాంజ్‌లో మామూలు రోజుల్లోనైనా బార్ ఉందో లేదో కూడా అడగండి. చిన్న ఎయిర్‌పోర్టుల్లో టిఫిన్, కాఫీతో సరిపెట్టే లాంజ్‌లే ఎక్కువ.

ఇంకో విషయం స్వైప్ గురించి. డ్రై డే అని లాంజ్ ప్రవేశంలో తగ్గింపు ఉండదు. కార్డుకు మూడు నెలలకు రెండు సార్లే ఉచితమైతే అందులో ఒకటి పోయినట్టే. డబ్బు కట్టి వెళ్లేవాళ్లకూ అంతే, స్వైప్ అయ్యాక వెనక్కి ఇవ్వరు. మద్యం కలిపిన ప్యాకేజీ ముందే బుక్ చేసి ఉంటే, లోపలికి వెళ్లకముందే తేదీ మార్చమనో, తేడా వెనక్కి ఇవ్వమనో అడగండి. భోజనం, స్నానం, కాస్త నడుం వాల్చే చోటు కావాలంటే వెళ్లండి. గ్లాసు కోసమే అయితే ఆ ఉచిత ప్రవేశం ఇంకో ప్రయాణానికి దాచుకోండి.

ఢిల్లీలో రాత్రంతా ఆగాల్సివస్తే మరో దారి ఉంది. అక్కడ ఎల్-15 (గదుల్లో మద్యం ఇచ్చే) లైసెన్సు ఉన్న హోటళ్లలో బస చేసినవాళ్లకు డ్రై డే నాడు కూడా మద్యం ఇవ్వడానికి ఎక్సైజ్ ఉత్తర్వులు మినహాయింపు ఇస్తాయి. ఎన్నికల బంద్‌కు మాత్రం దీన్ని అన్వయించకండి. వయసు సంగతి కూడా మరవొద్దు: ఢిల్లీలో 25 ఏళ్లు నిండాలి, మన రెండు రాష్ట్రాల్లో 21 చాలు.

విదేశాల్లో

బ్యాంకాక్‌లో బౌద్ధుల ఐదు పర్వదినాల్లో మద్యం బంద్ ఉండేది. లాంజ్‌లలోనూ ఇచ్చేవాళ్లు కాదు. 2025 మేలో, విశాఖ బూచాకు (అక్కడి బుద్ధ పూర్ణిమకు) ముందు, అంతర్జాతీయ ఎయిర్‌పోర్టులకూ హోటళ్లకూ సడలింపు ఇచ్చారు. కాబట్టి బ్యాంకాక్ ఎయిర్‌పోర్టు సువర్ణభూమిలో ఇంటర్నేషనల్ లాంజ్ సంగతి ఇప్పుడు తేలికే. ఊళ్లో దుకాణాలకు మాత్రం ఆ సడలింపు లేదు. తేదీల కోసం మన పంచాంగం చూడకండి: 2026లో మనకు బుద్ధ పూర్ణిమ మే 1న, థాయ్‌లాండ్‌లో మే 31న. అక్కడ తాగడానికి 20 ఏళ్లు నిండాలి.

కువైట్, సౌదీ వెళ్లేవాళ్లకు సెలవుల లెక్కే అక్కర్లేదు. కువైట్ ఎయిర్‌పోర్టులో ఏ రోజూ మద్యం ఉండదు, అక్కడికి తీసుకెళ్లడమూ నేరమే. కడప నుంచో, కోనసీమ నుంచో కువైట్ బయల్దేరి దుబాయ్‌లో విమానం మారేవాళ్లు అక్కడి డ్యూటీ ఫ్రీలో చవకగా ఉందని సీసా కొనకండి. తిరుగు ప్రయాణంలో, ఇండియా వైపు వచ్చేటప్పుడు కొనుక్కోండి. మనిషికి 2 లీటర్ల దాకా సుంకం లేదు.